ఊటకు తగిన పంపు

పంపు యెంత పెద్దదైతే అంత మంచిదన్న నమ్మకం మన రైతు కుటుంబాలలో చాలాకాలంగా పాతుకొని వున్నది. 5 హెచ్.పి. చాలునని కొట్టువాడు చెప్పినా, "యెందుకైనా మంచిది, యేడున్నర యివ్వండి" అని తెచ్చుకునేవారే యెక్కువ. చుట్టాలు వస్తారేమోనని రెండు సోలల బియ్యం యెక్కువ పోయడంవంటిదే యిదికూడా అనుకుంటారు. కాని అన్నం మిగిలితే మరునాడు తినవచ్చు. పంపుకు మిగిలిన బలం అట్లా వూరుకోదు. కాలువ గట్టును తెంపుతుంది, బావిని ముందే అడుగంటిస్తుంది, ఒక్కొక్కచోట మోటారునుకూడా కాలుస్తుంది.

యీ నెల యీ సంగతి యెత్తుకోవడానికి కారణం ఇస్లాపూర్ వైపునుంచి వచ్చిన ఒక ప్రశ్న. ఇస్లాపూర్ మన పాఠకులలో కొందరికి కొత్తపేరు కావచ్చును. అది నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో, పైన్‌గంగమీది సహస్రకుండ్ జలపాతానికి చేరువలో వున్న వూరు. 1956 నవంబరు 1వ తేదీకి ముందు ఇస్లాపూర్ సర్కిలు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో, బోథ్ తాలూకాలో వుండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో అది కిన్వట్, రాజురా తాలూకాలతోపాటు బొంబాయి రాష్ట్రంలో చేరి, 1960 మే 1వ తేదీనుంచి మహారాష్ట్రలో భాగమైనది. అంటే అక్కడి పాత తెలుగు కుటుంబాలు యిల్లు కదలకుండానే రాష్ట్రం మారినవన్నమాట.

ప్రశ్న సారాంశం యిది. తండ్రిగారి కాలంలో పెట్టించిన 5 హెచ్.పి. మోనోబ్లాక్ పంపు. ఆయన పోయిన తరువాత అన్నదమ్ములిద్దరూ భూమి పంచుకున్నారు. బావీ, పంపూ మాత్రం వుమ్మడిగానే వుంచుకున్నారు. రోజుకు వచ్చే యెనిమిది గంటల కరెంటులో మొదటి నాలుగు గంటలు అన్నగారివి, తరువాతి నాలుగు తమ్ముడివి. ఫాల్గుణం దాటిందంటే తమ్ముడి వంతు మొదలై గంట తిరిగేసరికి పంపు గాలి లాగుతున్నది. అన్నగారి పొలంలోనేమో సగమైన మడులకు అంత నీరు ఒక్కసారిగా వచ్చి గట్లు తెగుతున్నవి. పంపు అమ్మి చిన్నది కొనమని ఒకరు, వాల్వు బిగించమని యింకొకరు, లోపలి చక్రం కోయించమని మరొకరు సలహా చెబుతున్నారు. తండ్రిగారి గుర్తు అమ్మడానికి మనసొప్పడం లేదు. తమ్ముడి యింటివారితో మాటలుకూడా తగ్గుతున్నవి. యేమి చేయమంటారు?

అన్నగారు అత్యాశపరుడనిగాని, బావి చెడ్డదనిగాని మేము అనుకోవడం లేదు. బావి ఊటకూ, పంపు తోడుకూ పొత్తు కుదరలేదు. అంతే. గంతకు తగిన బొంత అంటారు గదా, యిక్కడ గంత యేపాటిదో యెవరూ కొలిచి చూడలేదు.

పూర్వం మోట కొట్టేటప్పుడు యీ చిక్కు వుండేది కాదు. మోట అన్న మాట తెలుగుకూ మరాఠీకీ వుమ్మడి మాటే. ఊట తగ్గితే బొక్కెన నిండడం ఆలస్యమయ్యేది, యెద్దులు నిలబడేవి, మనిషి ఒక చుట్ట కాల్చుకునేవాడు. బావి చెప్పినట్లు మోట నడిచేది. కరెంటు పంపుకు ఆ సంగతి తెలియదు. అదిన్నీగాక ఆ ప్రాంతపు నల్లరేగడి క్రింద వున్నది నల్లరాయి. నీరు ఆ రాతి పగుళ్ళలోనుంచీ, పైన మెత్తబడిన పొరలోనుంచీ వూరవలసిందేగాని, ఇసుక నేలలోవలె చుట్టుప్రక్కలనుంచి ఒక్కసారిగా వచ్చి చేరదు. పంపు పెద్దదైనంతమాత్రాన పగులు పెద్దది కాదు.

కాబట్టి మొదటి పని బావిని కొలవడం. దీనికి ఒక తాడు, ఒక రాయి, ఒక గడియారం చాలును. నీరు బాగా తగ్గిన తరువాత పంపు ఆపి, తాడుకు రాయి కట్టి నీటిమట్టం గుర్తించవలె. సరిగ్గా గంటకు మళ్ళీ గుర్తించవలె. బావి అడ్డుకొలత 6 మీటర్లనుకుందాము, అనగా సుమారు 20 అడుగులు. అటువంటి బావిలో ఒక మీటరు లోతు నీరు 28,000 లీటర్లకు కొంచెం పైన. గంటలో 30 సెంటీమీటర్లు లేచిందంటే ఊట గంటకు దాదాపు 8,500 లీటర్లు. రోజు మొత్తానికి సుమారు 2 లక్షల లీటర్లు. బావి నిండేకొద్దీ ఊట మందగిస్తుంది కాబట్టి లెక్క కొంచెం తగ్గించి వేసుకోవడం మేలు.

రెండవ పని పంపును కొలవడం. 200 లీటర్ల పీపా ఒకటి తెచ్చి డెలివరీ పైపు క్రింద పెట్టి, యెన్ని సెకండ్లకు నిండుతుందో చూడవలె. 20 సెకండ్లకు నిండితే నిమిషానికి 600 లీటర్లు, గంటకు 36,000 లీటర్లు. ఊటకు నాలుగు రెట్లకు పైన అన్నమాట. రాత్రంతా వూరిన నీరు పొద్దున్న నాలుగు గంటలలో అన్నగారు 1,44,000 లీటర్లు తోడుకుంటే, తమ్ముడికి గంటసేపటి నీరు మిగలడంలో వింత యేమున్నది? యిద్దరూ గంటలు సమానంగా పంచుకున్నారు, నీళ్ళు పంచుకోలేదు.

ఇద్దరికీ చెరి 96,000 లీటర్లు, మొత్తం 1,92,000 అనుకుంటే ఊటలో యిముడుతుంది. దానిని యెనిమిది గంటలకు పంచితే గంటకు 24,000, అనగా నిమిషానికి 400 లీటర్లు చాలును. 600 తోడే పంపుచేత 400 తోడించడం యెట్లా అన్నదే మన ప్రశ్న.

పంపు స్వభావం కొంచెం తెలిస్తే జవాబు సులభం. సెంట్రిఫ్యూగల్ పంపులో చక్రం, అంటే ఇంపెల్లరు, గిరగిర తిరిగి నీటిని అంచుకు విసురుతుంది. ఆ విసురే నీటిని పైకి నెట్టే బలం. జాన్ అపోల్డ్ అనే ఆయన 1851లో లండన్ ప్రదర్శనలో వంపు రెక్కల పంపును చూపినప్పుడు, తిన్నని రెక్కలకంటె అది యెంత మేలో లోకానికి తెలిసింది. నేటి పంపులన్నిటికీ రెక్కలు వంపే. యీ జాతి పంపు ఒకే కొలత నీరు యిచ్చేది కాదు. యెదుట అడ్డు పెరిగితే నీరు తగ్గిస్తుంది, అడ్డు తగ్గితే నీరు పెంచుతుంది. నీరు పెంచినప్పుడు మోటారుమీద బరువుకూడా పెరుగుతుంది. 30 మీటర్ల యెత్తుకు చేసిన పంపును 12 మీటర్ల బావిమీద పెడితే, పని తేలికని మోటారు సుఖపడదు. యెక్కువ నీరు తోడబోయి, యెక్కువ కరెంటు లాగి, వేడెక్కుతుంది. "యెందుకైనా మంచిది" అని కొన్న పంపుల మోటార్లు కాలడానికి యిదొక కారణం.

ఇప్పుడు ఉపాయాలు ఒక్కొక్కటే చూద్దాము.

మొదటిది గడియారం. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. పంపును ముట్టుకోకుండా, ఒక్కొక్కరు నాలుగు గంటలకు బదులు రెండు గంటల నలభై నిమిషాలు నడుపుకుంటే చెరి 96,000 లీటర్లు వచ్చినట్లే. బావే తొట్టి అనుకోవలె. అన్నదమ్ముల తగవు తీరడానికి యిది చాలును, యీ రోజునుంచే మొదలుపెట్టవచ్చును. గట్లు తెగడం మాత్రం దీనితో ఆగదు.

రెండవది వాల్వు. డెలివరీ పైపుమీద గేటు వాల్వు బిగించి, పీపా 30 సెకండ్లకు నిండేదాకా మూసుకుంటూ రావలె. నీరు 400కు తగ్గుతుంది, మోటారు బరువూ కొంత తగ్గుతుంది. చవక, తేలిక, నచ్చకపోతే మళ్ళీ తెరుచుకోవచ్చును. అయితే పంపు పుట్టించిన ఒత్తిడిని వాల్వుదగ్గర వృథా చేస్తున్నామన్నది మరువరాదు. రెండు హెచ్చరికలున్నవి. వాల్వు యెన్నడూ సక్షన్ వైపు బిగించరాదు. అక్కడ నీటిని బిగబడితే చక్రం దగ్గర ఒత్తిడి పడిపోయి, నీరు ఆవిరి బుడగలై, అవి పగిలినప్పుడల్లా రెక్కలను కొరుకుతవి. గులకరాళ్ళు దొర్లినట్లు చప్పుడు వస్తే అదేనని గుర్తు. పూర్తిగా మూసి చాలాసేపు నడపడమూ కూడదు. లోపలి నీరు కాగిపోయి సీలు చెడుతుంది.

మిగులు నీటిని ఒక ప్రక్క గొట్టంద్వారా మళ్ళీ బావిలోకే వదిలేవారుకూడా కద్దు. అది యెత్తిన బరువును మళ్ళీ దించుకోవడమే. పంపు పని తగ్గదు, కరెంటు తగ్గదు.

మూడవది చక్రాన్ని కోయించడం. లేతు మిషనుమీద ఇంపెల్లరు అంచును కొంచెం తగ్గిస్తే విసురు తగ్గుతుంది. వాల్వువలె బలాన్ని పుట్టించి చంపడం కాదు, అసలు పుట్టించకపోవడం. మేలైన పద్ధతే. కాని కోసిన చక్రం మళ్ళీ పెరగదు. పదోవంతు తగ్గించేసరికి ఫలితం బాగానే కనబడుతుంది. అయిదోవంతు దాటితే పంపు లోపల ఖాళీ యెక్కువై పనితనం పడిపోతుంది. అందుచేత తండ్రిగారి చక్రాన్ని కోయించవద్దు. అదే మోడలుకు రెండవ చక్రం కొని, దానిని కోయించి, బ్యాలెన్సు చూపించి బిగించవలె. పాతది నూనె రాసి దాచుకోవలె.

నాలుగవది వేగం తగ్గించడం. బెల్టు పెట్టిన ఆయిల్ ఇంజను పంపులకైతే పుల్లీ మారిస్తే సరిపోయేది. మోనోబ్లాక్‌లో మోటారూ పంపూ ఒకే ఇరుసుమీద వుంటవి కాబట్టి ఆ వీలు లేదు. కరెంటు సైకిళ్ళను తగ్గించే వి.ఎఫ్.డి. అనే పరికరం పెట్టుకోవలె. దీని గుణం గొప్పది. వేగం 80 శాతానికి తగ్గితే విసిరే యెత్తు 64 శాతానికి, లాగే శక్తి దాదాపు 51 శాతానికి తగ్గుతుంది. కాని బావి లోతు వేగాన్నిబట్టి తగ్గదు గదా! వేగం మరీ తగ్గిస్తే చక్రం తిరుగుతూనే వుంటుంది, నీరు మాత్రం గట్టెక్కదు. పరికరం ఖరీదైనది. దుమ్మూ, యెండా, పిడుగూ దానికి గిట్టవు. ఒక్క 5 హెచ్.పి. పంపుకోసం అంత సరంజామా అవసరమా అన్నది యింటివారు ఆలోచించుకోవలె.

అంకెలలో చూపితే తేడా కళ్ళకు కట్టుతుంది. 12 మీటర్ల బావి, పైపుల రాపిడికి 600 లీటర్లదగ్గర మరి 12 మీటర్లు పోయే ఒక పంపును వూహించి మేము లెక్క వేశాము. మోటారు లోపలి నష్టం యిందులో కలపలేదు. పంపు పూర్తిగా నడిస్తే ఇరుసుమీద 3.6 కిలోవాట్లు, అనగా వెయ్యి లీటర్లకు యూనిట్‌లో పదోవంతు. వాల్వుతో 400కు తగ్గిస్తే సుమారు 3.2 కిలోవాట్లు. నీరు మూడోవంతు తగ్గినా శక్తి అంత తగ్గలేదు, కనుక వెయ్యి లీటర్లకు 0.13 యూనిట్లు పడుతుంది. పూర్తిగా తెరిచి తక్కువసేపు నడపడంకంటె యిది ఖర్చు అన్నది గమనించవలె. వి.ఎఫ్.డి.తో 50 సైకిళ్ళను 40 దరిదాపులకు తెస్తే అదే 400 లీటర్లకు 1.8 కిలోవాట్లు చాలును, వెయ్యి లీటర్లకు 0.08 లోపే. చక్రం పదోవంతు కోయిస్తే నీరు ఆరోవంతు తగ్గి 500 లీటర్లవుతుంది. పీపా 24 సెకండ్లకు నిండుతుంది. శక్తి 2.6 కిలోవాట్లు, వెయ్యి లీటర్లకు 0.09 యూనిట్లు.

అయిదవది పంపును మార్చడం. పాతది అరిగిపోయి, మోటారు ఒకటి రెండుసార్లు చుట్టించినదైతే యిదే సరి అయిన పని కావచ్చును. కొనేటప్పుడు హెచ్.పి. ఒక్కటే అడుగరాదు. పలకమీద వ్రాసిన యెత్తు, నీటి కొలత మన బావికి సరిపోవునా అని చూడవలె. స్టారు గుర్తులు యెన్ని వున్నా, పంపు తనకు తగిన యెత్తుదగ్గర నడిచినప్పుడే ఆ పొదుపు.

"కరెంటుకు బిల్లే లేదు, యీ లెక్కలన్నీ యెందుకు?" అని మహారాష్ట్రలోని మన పాఠకులు అడుగవచ్చును. నిజమే. 2024 నుంచి అక్కడ 7.5 హెచ్.పి. వరకు వ్యవసాయపు పంపులకు కరెంటు వుచితం చేశారు. తెలంగాణాలో 2018 జనవరి 1వ తేదీనుంచి వ్యవసాయానికి 24 గంటల వుచిత కరెంటు మొదలైనది. కాని కరెంటు వుచితమైనంతమాత్రాన ఊట వుచితం కాదు. పైగా బిల్లు భయం లేకపోయేసరికి ఆటో స్టార్టరు పెట్టి నిద్రపోవడం అలవాటైంది. కరెంటు రాగానే పంపు లేస్తుంది, నీరు అయిపోయినా తిరుగుతూ వుంటుంది, తెల్లవారి చూస్తే సీలు కాలి వుంటుంది. ఆటో స్టార్టరు పెట్టేవారు నీరు లేనప్పుడు మోటారును ఆపే కట్టడికూడా పెట్టుకోవలె.

సౌరపంపుల విషయంలోనూ యిదే మాట. మహారాష్ట్రలో 2024లో వచ్చిన పథకంలో 2.5 ఎకరాల వరకు 3, 5 ఎకరాల వరకు 5, అంతకు మించితే 7.5 హెచ్.పి. అని భూమినిబట్టి కొలత పెట్టారు. యెకరాలు కాగితంమీద వుంటవి, ఊట బావిలో వుంటుంది. అర్హతకంటె చిన్న పంపు కోరుకునే వీలున్నది. కోరుకోవడం నామోషీ కాదు.

మరి రెండు మాటలు. డ్రిప్పు వేయించదలచినవారు చక్రం కోయించేముందు ఆగవలె. డ్రిప్పుకు నీరు తక్కువైనా ఒత్తిడి కావలె, సుమారు 10 మీటర్ల యెత్తుకు సమానమైనది. ఫిల్టరుదగ్గర పోయేది దానికి అదనం. యిప్పుడు యెక్కువని తోచే పంపు అప్పుడు సరిగ్గా సరిపోవచ్చును. పొలాన్ని చిన్న భాగాలుగా కాక, పంపు తోడుకు సరిపడే భాగాలుగా విడదీసుకుంటే పంపును మార్చే పనే వుండదు. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ పంపుల సంగతి వేరు. వాటిలో చక్రాలు వరుసగా వుంటవి. యెత్తు యెక్కువైతే ఒకటి రెండు స్టేజీలు తీయించవచ్చును. అది కంపెనీ మెకానిక్కు చేయవలసిన పనిగాని లేతు దుకాణంలో చేసేది కాదు.

ఇస్లాపూర్ సోదరునికి మా సలహా యిది. రేపటినుంచే వంతులను గంటలలో కాక లీటర్లలో పెట్టుకోండి. బావినీ, పంపునూ తమ్ముణ్ణి ప్రక్కన పెట్టుకొనే కొలవండి. ఒకరు కొలిచిన లెక్క రెండవవారికి నమ్మకం కలిగించదు. గట్లు తెగకుండా ప్రస్తుతానికి గేటు వాల్వు బిగించండి. యీ వేసవి అంతా పీపా లెక్క ఒక పుస్తకంలో వ్రాసి వుంచండి. ఆ లెక్క చూసుకొని, రెండవ చక్రం ఒకటి కొని పదోవంతు కోయించండి. నీరు 500కు వస్తుంది. చెరి మూడు గంటల పన్నెండు నిమిషాలు నడుపుకుంటే యిద్దరికీ 96,000 లీటర్లు అందుతవి. అప్పటికీ గట్టుకు ధార యెక్కువనిపిస్తే వాల్వు కొంచెం మూసుకోవచ్చును.

వానలు వెనకబట్టి బావి నిండుగా వున్న కార్తీకంలో ఊట జోరుగా వుంటుంది. అప్పుడు తండ్రిగారి చక్రాన్ని మళ్ళీ బిగించుకోవచ్చును, మెకానిక్కుకు అది పెద్ద పని కాదు. పెద్ద పంపు వుండడంలో తప్పు లేదు. ఆయన కాలంలో భూమి ఒకటి, వంతు ఒకటి, దానికి అది సరిపోయింది. యిప్పుడు భూమి రెండైనది, బావి మాత్రం ఒక్కటే. తాడూ, పీపా పట్టుకొని అన్నదమ్ములిద్దరూ ఒక పూట ఆ బావి గట్టున కూర్చుంటే చాలును.